టిల్ట్ బకెట్టా, హెలికల్ టిల్టా, టిల్ట్‌రొటేటరా: 20 టన్నుల పొక్లెయిన్‌కి ఏది కట్టాలి?

మామూలు పొక్లెయిన్ బకెట్టుకి ఒక్కటే దారి తెలుసు. ముందుకి చాస్తుంది, లోపలికి లాక్కుంటుంది. పైభాగం చుట్టూ తిరిగినా బకెట్టు అంచు మాత్రం బండి ఎలా నిలబడితే అలాగే ఉంటుంది. బండి పక్కకి రెండు డిగ్రీలు ఒరిగితే చాలు, ఒకటిన్నర మీటరు వెడల్పు బకెట్టు ఈ కొసకీ ఆ కొసకీ ఐదు సెంటీమీటర్ల తేడా వస్తుంది. కట్ట వాలు నున్నగా రావాల్సిన చోట మెట్లు మెట్లుగా వస్తుంది. దీనికి మన ఆపరేటర్ల దగ్గర పాత మందే ఉంది: మట్టి పోసుకుని ఒక ట్రాకు దాని మీదికి ఎక్కించడం. పని అవుతుంది. కాకపోతే బండి జరిగిన ప్రతిసారీ మళ్లీ మట్టి పోయాలి, మళ్లీ సర్దాలి. బరువంతా ఒక పక్క రోలర్ల మీదే పడుతుంది.

ఈ తిప్పలు తప్పించే అటాచ్‌మెంట్లు మూడు రకాలు: టిల్ట్ బకెట్, హెలికల్ టిల్ట్ కప్లర్, టిల్ట్‌రొటేటర్. అమ్మేవాళ్లు మూడింటినీ ఒకే మాటతో అమ్ముతారు: "ఎటు కావాలంటే అటు తవ్వుతుంది" అని. అది నిజం కాదు. మొదటి రెండూ బకెట్టుని పక్కకి వాలుస్తాయంతే. మూడోది వాలుస్తుంది, చుట్టూ తిప్పుతుంది కూడా. గోడ వెంబడి, గోడకి ఆనుకుని కందకం తీయాలంటే ఈ మూడూ అక్కర్లేదు. దానికి బూమే పక్కకి మడిచే బూమ్ స్వింగ్ ఉన్న చిన్న మెషీను సరిపోతుంది. అది మినీ ఎక్స్‌కవేటర్లలో కంపెనీ నుంచే వస్తుంది. ఏ పని కోసమో తేల్చుకోకుండా కొంటే డబ్బు దండగ.

టిల్ట్ బకెట్

మూడింటిలో చవక, మన కాలువ పనులకి సూటిగా సరిపోయేది ఇదే. వెడల్పాటి, పళ్లు లేని బకెట్టు. 20 టన్నుల బండికి 1500 నుంచి 1800 మిల్లీమీటర్ల దాకా కడతారు. మధ్యలో ఒక లావు పిన్ను, దాని చుట్టూ బకెట్టుని అటూ ఇటూ 45 డిగ్రీల దాకా వాల్చే సిలిండర్లు. 45 డిగ్రీలంటే 1:1 వాలు. 1:1.5 కట్ట వాలు దాదాపు 34 డిగ్రీలు, 1:2 అయితే 27 లోపే. కాబట్టి మట్టి పనుల్లో మామూలుగా వచ్చే వాలులకి ఈ కోణం చాలు.

ఒక సంగతి చాలామంది సరిగా పట్టుకోరు. బండి కట్ట మీద నిలబడి, బూమ్ కాలువ వైపు తిప్పి పూడిక లాగుతుంటే వాలు బూమ్ వెంటే వస్తుంది. అక్కడ టిల్ట్‌కి పెద్దగా పని లేదు. కట్ట పైభాగం ఎగుడుదిగుడుగా ఉండి బండే ఒరిగినప్పుడు, కట్ట ఇరుకై బండి పొడవునా నిలబడి ముందువైపే చెక్కాల్సి వచ్చినప్పుడు, చెరువు మూలల్లో, రోడ్డు పక్క డ్రెయిన్లలో టిల్ట్ లేకపోతే చేతులు కట్టేసినట్టే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేసిన రోజుల్లో డ్రెయిన్ల పూడిక తీత, భీమవరం చుట్టుపక్కల రొయ్యల, చేపల చెరువుల గట్ల పని, తెలంగాణలో చెరువు కట్టల మరమ్మతు: ఈ పనులు చేసే బండికి టిల్ట్ బకెట్టు పెట్టిన డబ్బు తిరిగి తెస్తుంది.

కొనేటప్పుడు మొదట లెక్కపెట్టాల్సింది సిలిండర్లు. ఒక్క సిలిండర్ ఉన్నవి చవకే, కానీ రెండు వైపులా బలం ఒకటి కాదు. 100 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 55 మిల్లీమీటర్ల రాడ్డు ఉన్న సిలిండర్ నెట్టే బలంలో లాగే బలం 70 శాతమే. ఒక వైపు గట్టిగా చెక్కుతుంది, రెండో వైపు నీరసంగా ఉంటుంది. రెండు సిలిండర్లుంటే ఒకటి నెడుతుంటే రెండోది లాగుతుంది, రెండు వైపులా బలం సమానం. 20 టన్నుల తరగతిలో సింగిల్ సిలిండర్ జోలికి వెళ్లొద్దు.

రెండోది వాల్వులు. ప్రతి సిలిండర్ మీదా లోడ్ హోల్డింగ్ వాల్వు ఉండాలి. లేకపోతే వాలు మీద అదిమినప్పుడు బకెట్టు మెల్లగా తిరిగిపోతుంది, అంచు గీత పోతుంది. దానితో పాటు రిలీఫ్ వాల్వు కూడా ఉండాలి. మూల వెళ్లి రాయికి తగిలితే ఆ దెబ్బంతా ఒక సిలిండర్ మీద పడుతుంది. నూనె పోవడానికి దారి లేకపోతే హోస్ పగులుతుంది, లేదంటే రాడ్డు వంగుతుంది. ఊళ్లో వర్క్‌షాపుల్లో చేసే టిల్ట్ బకెట్లలో బకెట్టు ఇనుము బాగానే ఉంటుంది, వెల్డింగూ బాగానే ఉంటుంది. మిగిల్చుకునేది ఎక్కువగా ఈ వాల్వుల దగ్గరే. బేరమాడేటప్పుడు ముందు అడగాల్సింది వీటి గురించే.

మూడోది ఫ్లో, అంటే నిమిషానికి వచ్చే నూనె. రాయి పగలగొట్టే బ్రేకర్ కోసం వేసిన లైను పూర్తి ఫ్లో దీనికి ఇస్తే పని చెడుతుంది. పైన చెప్పిన సిలిండర్ స్ట్రోకు (రాడ్డు కదిలే దూరం) 300 మిల్లీమీటర్లు అనుకుంటే, బకెట్టు ఈ చివర నుంచి ఆ చివరకి వాలడానికి రెండు సిలిండర్లకీ కలిపి నాలుగు లీటర్ల నూనె చాలు. నిమిషానికి 150 లీటర్లు పంపితే 1.6 సెకన్లలో దబ్బున పడుతుంది. 40 లీటర్లకి తగ్గిస్తే ఆరు సెకన్లు పడుతుంది, చెయ్యికి అందుతుంది. మానిటర్‌లో ఫ్లో తగ్గించే వీలున్న బండైతే అక్కడే సెట్ చేయాలి, లేకపోతే లైన్‌లో రెస్ట్రిక్టర్ వేయించాలి. "టిల్ట్ బకెట్టు కుదుపుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇది చేయలేనివీ ఉన్నాయి. మొరం, గట్టి నేల దీనితో తవ్వొద్దు. పూర్తిగా వాల్చి ఒక్క మూలతో పొడవడం మధ్య పిన్ను బుష్‌ని తినేస్తుంది. ఉప్పు నీటి చెరువుల దగ్గర ఇంకో ఇబ్బంది: బకెట్టు సమంగా ఉన్నప్పుడు రెండు రాడ్లూ సగం బయటే ఉంటాయి, కాబట్టి పార్కింగ్‌లో వాటిని పూర్తిగా లోపలికి దాచే వీలు లేదు. సాయంత్రం మంచినీళ్లతో కడిగి, బయట ఉన్న రాడ్డుకి పల్చగా గ్రీజు పూయాలి. క్రోమ్ మీద ఒక్క తుప్పు చుక్క లేచినా సీల్ చిరగడానికి అది చాలు.

హెలికల్ టిల్ట్ కప్లర్

ఇందులో బయటికి కనిపించే సిలిండర్లు ఉండవు. గొట్టంలాంటి హౌసింగ్ లోపల ఏటవాలు పళ్లున్న పిస్టన్ ఉంటుంది. నూనె దాన్ని గొట్టం పొడవునా నెడితే ఆ పళ్ల వల్ల షాఫ్టు తిరుగుతుంది. ఈ రకంలో బాగా తెలిసిన పేరు పవర్‌టిల్ట్. దాన్ని తెచ్చింది అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు హెలాక్ కంపెనీ. 2017లో పార్కర్ హానిఫిన్ దాన్ని కొనేసింది. సైజుని బట్టి మొత్తం 180 డిగ్రీల దాకా, అంటే అటు 90, ఇటు 90 వాలే మోడళ్లున్నాయి.

అసలు లాభం కోణంలో లేదు. ఇది ఆర్ముకీ బకెట్టుకీ మధ్య ఉంటుంది కాబట్టి కందకం బకెట్టుని, గ్రేడింగ్ బకెట్టుని, ఇంకే బకెట్టునైనా వాల్చుకోవచ్చు. సిలిండర్లు బయట లేవు, రాళ్లు తగిలేందుకు ఏమీ లేదు. గుర్రపుడెక్క, పిచ్చి చెట్లు నిండిన డ్రెయిన్లలో బయటి సిలిండర్ల హోసులు కొమ్మలకి చిక్కుకుంటాయి, ఇక్కడ ఆ బాధ తక్కువ.

ఖర్చు ఎక్కువ, రిపేరు మన ఊళ్లో కష్టం. లోపలి పళ్లు అరిగితే ఆట, అంటే వదులు, మొదలవుతుంది. ఒక్క డిగ్రీ ఆటకి ఒకటిన్నర మీటరు బకెట్టు కొస 13 మిల్లీమీటర్లు ఊగుతుంది. ఫినిషింగ్ పనికి అదే ఎక్కువ. లోపలి సీల్ కారితే బయట చుక్క నూనె కనిపించదు, బకెట్టు మాత్రం నిలబెట్టిన చోట నిలవదు. విప్పి మళ్లీ కూర్చడానికి పళ్ల గుర్తులు కలపాలి. ఒక పన్ను తప్పితే బకెట్టు ఒక వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ వాలుతుంది. గ్రీజు విషయంలో బద్ధకం పనికిరాదు. పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా పంపు కొట్టాలి. నీళ్లలో పనిచేసిన రోజు తప్పనిసరిగా కొట్టాలి.

టిల్ట్‌రొటేటర్

ఇది స్వీడన్ సరుకు. 1980ల్లో అక్కడ పుట్టింది. ఈ రోజుకీ పెద్ద పేర్లన్నీ ఆ దేశానివే: విండెల్న్ ఊరి రోటోటిల్ట్, 1990లో స్ట్రోమ్‌సుండ్‌లో మొదలై 2022లో స్టాక్‌హోమ్ ఎక్స్ఛేంజీకి ఎక్కిన ఎంగ్‌కాన్, 2005లో వచ్చిన స్టీల్‌రిస్ట్. అక్కడ పొక్లెయిన్ అంటే టిల్ట్‌రొటేటర్‌తో కూడిన బండి అనే అనుకుంటారు. కూలి ఖరీదైన దేశంలో ఒక్క ఆపరేటరే కందకం తీసి, పైపు దించి, చుట్టూ మట్టి సర్ది, పైన చదును చేసి రావాలి. దాని కోసమే దీన్ని కట్టారు.

పనితీరు ఇది: పైన రెండు టిల్ట్ సిలిండర్లు, మోడల్‌ని బట్టి అటూ ఇటూ 40 నుంచి 45 డిగ్రీలు. కింద హైడ్రాలిక్ మోటారు, వర్మ్ గేరు ఉన్న రోటరు. ఆగకుండా ఎటైనా 360 డిగ్రీలు తిరుగుతుంది. నడుమ ఉన్న స్వివెల్ (తిరిగే జాయింటు) గుండా నూనె కిందికి దిగి, పిన్నులు కొట్టకుండా బకెట్టు తగిలించే క్విక్ కప్లర్ లాక్‌కీ, ఉంటే గ్రిప్పర్ గోళ్లకీ అందుతుంది. ఆపరేటర్ జాయ్‌స్టిక్ మీది రోలర్లతో నడుపుతాడు. బకెట్టుని వెనక్కి తిప్పి ఫేస్ షావెల్‌లా ముందుకి తోయొచ్చు. అడ్డం తిప్పి కేబుల్ కింద పక్క నుంచి మట్టి తీయొచ్చు. మ్యాన్‌హోల్ చుట్టూ బండి కదపకుండా తవ్వొచ్చు. పనితనం గురించి వంక పెట్టడానికేమీ లేదు, ఇలాంటి సాధనం ఇంకోటి లేదు. దీన్ని మన పనికి తగిలించినప్పుడే లెక్కలు మారతాయి.

మొదటి లెక్క బలం. బకెట్టు సిలిండర్ ఇచ్చే టార్కు మారదు. మారేది పిన్ను నుంచి బకెట్టు పెదవి దాకా ఉండే దూరం. ఆ దూరం ఒకటిన్నర మీటర్లు అనుకుందాం. మధ్యలో 60 సెంటీమీటర్ల ఎత్తున్న టిల్ట్‌రొటేటర్ వస్తే అది 2.1 మీటర్లవుతుంది, మట్టిని పెళ్లగించే బ్రేకవుట్ బలం 71 శాతానికి పడిపోతుంది. పాత బకెట్టే వాడేవాళ్లు "బండికి దమ్ము పోయింది" అంటారు, తప్పు పంపుది అనుకుంటారు. దీనికి పొట్టి బకెట్టు కట్టాలి. పెదవి దూరం 1.2 మీటర్లున్న బకెట్టుతో మొత్తం 1.8 మీటర్లు, బలం 83 శాతం. కాబట్టి కొనేటప్పుడే బకెట్ల ఖర్చు కూడా కలుపుకోవాలి.

రెండో లెక్క బరువు. ఈ తరగతిలో యూనిట్ సుమారు 600 నుంచి 900 కిలోలు. ఘనమీటరుకి 1.8 టన్నుల తడి మట్టి లెక్కన 800 కిలోలంటే 0.44 ఘనమీటర్ల మట్టి. ఆర్ము పూర్తిగా చాచి టిప్పర్ నింపే పనిలో ఆ మేరకు మట్టి వదులుకున్నట్టే. రోజంతా టిప్పర్లు నింపే బండికి దీన్ని కట్టడం అర్థం లేని పని.

మూడోది బ్రేకర్. మన 20 టన్నుల బండ్లు పొద్దున మట్టి, మధ్యాహ్నం రాయి. టిల్ట్‌రొటేటర్ కింద బ్రేకర్ తగిలించకూడదు. దెబ్బ దెబ్బకీ వచ్చే అదురు గేరు పళ్లకీ, బేరింగులకీ వెళ్తుంది. అందుకే ఇక్కడ శాండ్‌విచ్ మౌంటింగే తీసుకోవాలి, అంటే ఆర్ముకి ఒక క్విక్ కప్లర్, దాని కింద టిల్ట్‌రొటేటర్. రాయి పని వస్తే యూనిట్ మొత్తం దించి బ్రేకర్ ఎక్కించొచ్చు. ఆర్ముకే నేరుగా బిగించే రకం తక్కువ ఎత్తు ఉంటుంది, బలం కాస్త మిగులుతుంది. కానీ బ్రేకర్ కోసం ప్రతిసారీ పిన్నులు కొట్టాల్సి వస్తే వారం తిరక్కుండా ఆ యూనిట్ షెడ్డులో కూర్చుంటుంది.

మన బండ్లకి పిన్ను బకెట్లే ఉంటాయి, స్వీడిష్ యూనిట్లకి ఎస్ తరగతి సిమెట్రిక్ కప్లర్లు. ఎస్60 అంటే 60 మిల్లీమీటర్ల పిన్ను, ఎస్70 అంటే 70. ఉన్న ప్రతి బకెట్టుకీ ఆ బ్రాకెట్ వెల్డింగ్ చేయించాలి. కొలత తప్పకుండా పట్టి ఉంచే జిగ్ లేకుండా కంటి లెక్కన వెల్డింగ్ చేస్తే లాక్ పూర్తిగా కూర్చోదు. అక్కడ పొరపాటు జరిగితే బకెట్టు ఊడి మనిషి మీద పడుతుంది. ఎంగ్‌కాన్‌కి క్యూ-సేఫ్, రోటోటిల్ట్‌కి సెక్యూర్‌లాక్, స్టీల్‌రిస్ట్‌కి ఫ్రంట్ పిన్ లాక్ అని అదనపు లాకులున్నాయి. అవి ఉన్నా సరే, తగిలించిన ప్రతిసారీ బకెట్టుని నేలకి అదిమి, రెండు పిన్నులూ కంటితో చూసుకున్నాకే పైకెత్తాలి.

బండి హైడ్రాలిక్ లైను: చాలామంది తడబడేది ఇక్కడే

బ్రేకర్ కిట్‌తో వచ్చిన బండ్లలో లైను సాధారణంగా వన్ వే. ఒక పైపు నుంచి ప్రెషర్ వెళ్తుంది, రెండోది ఫిల్టర్ గుండా నేరుగా ట్యాంకుకి. టిల్ట్ బకెట్టుకీ, హెలికల్ టిల్ట్‌కీ ఇది చాలదు. అటూ ఇటూ రెండు వైపులా ప్రెషర్ కావాలి, అంటే టూ వే లైను. పెడల్ ఒక వైపే పనిచేస్తుంటే బకెట్టు ఒక వైపే వాలుతుంది, వెనక్కి రాదు. లైను మార్చడానికి వాల్వు, పెడల్, రిటర్న్ దారి మూడూ చూడాలి. ఆ ఖర్చు బకెట్టు ధరలో ఉండదు.

విచిత్రమేమిటంటే, ఖరీదైన టిల్ట్‌రొటేటర్‌కి వన్ వే లైనే సరిపోతుంది. దాని వాల్వు బ్లాకు దాని మీదే ఉంటుంది, ఏ నూనె ఎటు వెళ్లాలో అక్కడే తేలుతుంది. బండి నుంచి కావాల్సింది ప్రెషరు, అడ్డులేని రిటర్ను, కరెంటు కేబుల్. కాకపోతే రెండు పనులు చేయాలి. ఫ్లో, ప్రెషరు యూనిట్ పట్టీ మీద రాసిన దానికి తగ్గించాలి. చాలా యూనిట్లకి గరిష్ఠం 210 బార్ దరిదాపుల్లో ఉంటుంది. రెండోది శుభ్రత: బ్రేకర్ ఏళ్ల తరబడి ఆడిన లైన్‌లో ఇనుప పొడి, మాడిన నూనె ఉంటాయి. బ్రేకర్ దాన్ని సహిస్తుంది, యూనిట్‌లో కరెంటుతో నడిచే సోలినాయిడ్ వాల్వు సహించదు. లైను ఫ్లష్ చేసి, రిటర్న్ ఫిల్టర్ మార్చి, అప్పుడే హోసులు బిగించాలి. మొదటివారంలోనే "ఒక వైపు తిరుగుతోంది, ఇంకో వైపు తిరగట్లేదు" అంటే కరెంటు కంటే ముందు వాల్వు లోపల జరిగే స్పూల్‌లో చెత్త చూడాలి.

మన ఎండల్లో ఇంకోటి. పెడల్ లాక్ చేసి అటాచ్‌మెంటుకి వెళ్లే ఆక్సిలరీ ఫ్లో నిరంతరం తిప్పితే, పాత ఓపెన్ సెంటర్ (పంపు నూనె ఎప్పుడూ తిరుగుతూనే ఉండే) బండ్లలో నూనె ఊరికే వేడెక్కుతుంది. రోలర్ కదిపినప్పుడే ఫ్లో వచ్చేలా సెట్ చేయించుకోవాలి. కూలర్ రెక్కల్లో దుమ్ము రోజూ ఊదాలి.

హోస్ పొడవు మూడింటికీ తలనొప్పే. బకెట్టు పూర్తిగా ముడిచి, పూర్తిగా తెరిచి, ఆ రెండు స్థితుల్లోనూ అటూ ఇటూ పూర్తిగా వాల్చి చూడాలి. ఎక్కడా బిగుసుకోకూడదు, లింకుకీ ఆర్ముకీ మధ్యకి జారకూడదు. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి మెల్లగా చూస్తే ఐదు నిమిషాల పని.

ఎవరు ఏది కొనాలి

గంట లెక్కన అద్దెకి తిప్పే ఓనర్ టిల్ట్‌రొటేటర్ కొనొద్దు. అది పని త్వరగా ముగిస్తుంది. త్వరగా ముగిస్తే తక్కువ గంటలు, తక్కువ డబ్బు. గంట రేటు ఎక్కువ అడిగితే పక్క బండిని పిలుస్తారు. లాభం మిగిలేది మీటరు లెక్కన, ఘనమీటరు లెక్కన, లేదా మొత్తం పని గుత్తకి తీసుకునేవాళ్లకే. నగరాల్లో పైపులైన్లు, కేబుళ్ల పని గుత్తకి చేసేవాళ్లు 20 టన్నుల బండికి కాదు, 6 నుంచి 9 టన్నుల బండికి కట్టుకోవాలి. ఇరుకు వీధిలో బండి జరపలేని చోటే దీని విలువ తెలుస్తుంది. ఆపరేటర్‌ని ముందే నిలుపుకోవాలి. వేళ్లకి రోలర్లు అలవాటవ్వడానికి కొన్ని వారాలు పడుతుంది, అలవాటైన మనిషి వెళ్లిపోతే యూనిట్ మళ్లీ ఉత్త బరువే.

కాలువలు, చెరువు గట్లు, రోడ్డు డ్రెయిన్ల పనివాళ్లకి రెండు సిలిండర్ల టిల్ట్ బకెట్టు. రకరకాల బకెట్లు మారుస్తూ, డిపార్ట్‌మెంట్ కొలతలకి ఫినిషింగ్ ఇచ్చేవాళ్లకి హెలికల్ టిల్ట్. క్వారీకి, టిప్పర్ లోడింగ్‌కి ఈ మూడిట్లో ఏదీ వద్దు.

యూరప్ నుంచి వచ్చిన పాత టిల్ట్‌రొటేటర్ చవకగా దొరుకుతోందంటే ఇవి చూడాలి. బకెట్టు నేల మీద ఆనకుండా కాస్త పైన నిలిపి, అంచుని గడ్డపారతో అటూ ఇటూ తోస్తే గేరు ఆట ఎంతుందో బయటపడుతుంది. బరువుతో ఒక వైపు వాల్చి, ఇంజిన్ ఆపి, సిలిండర్ రాడ్డు మీద సుద్దతో గీత పెట్టాలి. ఐదు నిమిషాల్లో గీత కదిలితే సీలో వాల్వో పోయింది. స్వివెల్ చుట్టూ తడి ఉందా, టిల్ట్ చెవుల వెల్డింగ్ మీద సన్నని గీతలున్నాయా చూడాలి. రోటరు నూనెలో మునిగి ఉండే మోడలైతే ఆ నూనె కాస్త దించి తెల్ల గుడ్డ మీద పోయాలి. లోహపు రేకులు మెరిస్తే బేరం ఆపేయాలి. చివరగా కంట్రోలరు, జాయ్‌స్టిక్ గ్రిప్పులు, కేబుల్ అన్నీ యూనిట్‌తో వస్తున్నాయా అని అడగాలి. అవి లేకుండా ఇనుము ఒక్కటే తెచ్చుకుంటే, విడిగా కొనే ఆ ఎలక్ట్రానిక్సుతోనే చవక బేరం కాస్తా ఖరీదవుతుంది.